బోరుకి పట్టిన మూఢం

ఈరోజు ఒక అబద్ధం ఆడి మంచి పని చేశాను, దేవుడు లెక్కలోకి తీసుకోవాలి.

హిందీ మాట్లాడే మా బీర్‌గావ్‌లో, తెలుగువాళ్ల గల్లీలో కొత్త బోరు వేసి పదిహేను రోజులైంది. వార్డు నేత దానికి తాళం వేసి కూర్చున్నాడు. ఆడవాళ్లు అడిగితే, "మీ తెలుగు పంతులే మూఢం అన్నాడు, మంచిరోజులు రానీ" అంటాడు. అసలు సంగతేంటంటే, రిబ్బన్ కోయడానికి ఆయన పైనున్న పెద్ద నాయకుడికి తీరిక దొరకలేదు.

పొద్దున నేత గల్లీకి వచ్చాడని తెలిసి, సత్యనారాయణ వ్రతం ఉందని చెప్పి పంతులుగారిని స్కూటర్ ఎక్కించా. తిన్నగా తెచ్చి బోరు దగ్గర దింపా.

"బోలియే పండిత్‌జీ, మూఢం ఉందా లేదా?" నేత కళ్లు ఉరిమాడు.

ఆ నేత ఇంట్లో పూజలన్నీ చేయించేది పంతులుగారే. పాపం, చెమటలు పట్టేశాయి.

"ఉంది బాబూ. పెళ్లికుంది, గృహప్రవేశానికుంది. దాహానికి లేదు. బోరు సంగతి మీరు నన్నెప్పుడూ అడగలేదు. తాళం తియ్యండి."

బిందెలు పట్టుకుని అంతమంది ఆడవాళ్లు చూస్తుంటే ఏం చేస్తాడు? నవ్వుతూ తీశాడు.

పూజలు పోతాయని తెలిసీ నిజం చెప్పిన మనిషి కదా అని, పంతులుగారి కాళ్లకి దండం పెడదామని వంగాను. ఆయన రెండడుగులు వెనక్కి గెంతి, "నా చెప్పులు మళ్లీ ఎక్కడ దాస్తావురా దుర్మార్గుడా!" అన్నారు.

జన్మకోసారి మనస్ఫూర్తిగా దండం పెడితే నమ్మే దిక్కు లేదు. మీరైనా నమ్ముతారా, చెప్పండి?