బంద్ రోజున మా టర్బో కారు

మా ఆయన లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా ముసలి కారు నాలుగు సిలిండర్ల ఇంజనుకు పాత లారీ టర్బో బిగించి, ఇక వేగం రెట్టింపవుతుందని తెగ మురిసిపోయారు. రోడ్లు ఖాళీగా ఉంటాయని బంద్ రోజే నన్నెక్కించుకుని పరీక్షకు బయలుదేరారు.

యాక్సిలరేటరు గట్టిగా తొక్కగానే టర్బో గొట్టం బాంబులా పేలి ఊడిపోయింది. ఇంజను ఆగిపోయింది. రోడ్డు మీద క్రికెట్ ఆడుతున్న, బంద్ చేయిస్తున్న పార్టీ కుర్రాళ్లు భయంతో బోర్లా పడుకున్నారు. మరుక్షణం బ్యాట్లతో మమ్మల్ని చుట్టుముట్టారు.

"బంద్‌లో గాడీ చోల్బే నా!" అని బెంగాలీలో గద్దించారు. బండి నడవకూడదట.

"ఏటండీ, ఇప్పుడేటి సేస్తారు?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

మా ఆయన బానెట్ ఎత్తి చూపించి, "చోల్ఛే నా, దాదా!" అన్నారు. నడవడం లేదుగా మరి!

వాళ్లు జాలిపడి, బంద్ నినాదాలు అరుస్తూ ఇంటిదాకా తోశారు. టర్బో పెట్టాక మా కారు అంత జోరుగా పరుగెత్తింది ఆ ఒక్కరోజే.