అత్త మల్లెపాదు

మొన్న మా మనవరాలు సంచీ నిండా ఎండుటాకులూ కొబ్బరిపొట్టూ కొని తెచ్చి, మేడమీది కుండీల్లో పరుస్తూ, ఇట్లా కప్పితే మొక్క మొదట్లో తేమ ఆరిపోదు జేజీ అని నాకు పాఠం చెప్పింది. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసే అనుకున్నాను.

యాభైల నాటి మాట. కడపకు పడమట ఒక మెట్టపల్లెలో కాపురానికి వెళ్ళిన కొత్త. మా అత్తకు పుట్టింటి వైపు ఎవరూ మిగల్లేదు. అక్కడినుంచి తెచ్చుకున్న మల్లె అంటు ఒక్కటే పెరట్లో బతికింది. వేసవిలో బావి అడుగంటితే దానికి చేతులు కడిగిన నీళ్ళే దిక్కు. ఆ కాసిని నీళ్ళూ ఎండ తాగెయ్యకుండా ఆమె పాదులో జానెడు మందాన కానుగాకు, దానిమీద శనక్కాయల పొట్టు పరిచి, మిట్టమధ్యాహ్నం వేలు గుచ్చి చూసి, కింద చల్లగా తగిలితే మురిసిపోయేది. అదంతా ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

ఆ యేడు ఆడబిడ్డ కాన్పుకని అత్త నెల్లాళ్ళు ఊరు వెళుతూ, రోజూ మల్లెకు నీళ్ళు పొయ్యమని మాత్రం చెప్పింది. ఇంతలో మా అమ్మ నన్ను చూడ వస్తున్నట్టు కబురు. వాకిలీ పెరడూ అద్దంలా ఉంచితేనే మంచి కోడలని నాకు పుట్టింటి బోధ కదా, ఆ పాదంతా చెత్తేననుకుని ఊడ్చి నీళ్ళపొయ్యిలో వేసి, వట్టినేలను పేడతో అలికి, చుట్టూ ముగ్గు కూడా పెట్టాను. నా తెలివి ఏమని చెప్పను! అమ్మ మెచ్చుకుని వెళ్ళింది. ఆ మెప్పుకు పొంగిపోయి అత్త వచ్చేదాకా రోజూ ఊడ్చాను. నీళ్ళు మానలేదు, ఆకులు రాలుతుంటే ఎండదెబ్బ అనుకున్నాను.

అత్త వచ్చి, మూట కూడా దించకుండా పాదు దగ్గర నిలబడిపోయింది.

"దీనిమీద కప్పింది యాడికి పాయెమ్మా?"

ఊడ్చేశానని ఏడుస్తూ చెప్పాను.

"ఏడవాకు. నీకు చెప్పకుండా పోయింది నేనే గదా," అంది.

ఆ సాయంత్రమే మళ్ళీ ఆకు కప్పింది. వానలు పడేదాకా రోజూ వేలు గుచ్చి చూస్తూనే ఉంది. చిగురు రాలేదు. ఆ మోడును తనే పెరికింది. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ.

ఈనాడు కొళాయి తిప్పితే నీళ్ళు, అడిగితే ఇంటికొచ్చే ఆకుల సంచులు, వీధి మొదట్లోనే మల్లెలు. ఆనాడు, ఆ మల్లె పోయాక, కడపకు ఎవరు పోయినా అత్త నాకోసం పూలు తెప్పించి, తన చేత్తో నా తలలో తురిమేది. తురిమే ముందు మాత్రం ఒకసారి వాసన చూసి, అది తన పుట్టింటి మల్లె కాదన్నట్టు మెల్లగా తల ఊపేది.