సొరంగంలో పలికిన ఓబులమ్మ

దెయ్యాలు, గాలి సోకడాలు నాకు పట్టవు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే తాయెత్తు కట్టనివ్వకుండా డాక్టరు దగ్గరికి పంపిన మనిషిని. ఇది దెయ్యం కథ కూడా కాదు. ఇందులో ఎవరూ చనిపోలేదు. నేను చూసింది, నేను విన్నది, ఇతరులు నాకు చెప్పింది, ఈ మూడింటినీ కలిపేయకుండా రాస్తాను.

ఈ మధ్య ఢిల్లీలో మా మనవరాలు నన్ను భూమి కింది రైలు స్టేషనుకు తీసుకుపోయింది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి టికెట్ల సంగతి ఏదో అడగడానికి వెళ్లింది. అక్కడ బండి కనపడకముందే సొరంగంలోంచి ఒక గాలి వస్తుంది. అది ముఖానికి తగలగానే నా నోటి నుంచి "ఓబులమ్మా" అని వచ్చేసింది. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. ఆ పేరు అట్లా ఎందుకు వచ్చిందో మనవరాలికి చెప్పలేకపోయాను. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

అవి రెండో యుద్ధం జరుగుతున్న రోజులు. మా మార్కాపురం తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. శివరాత్రికి మహానంది పోదామని బయలుదేరాం. అవ్వ, అమ్మ, నేను, తమ్ముడు చెన్నడు, ఓబులమ్మ ఆడవాళ్ల పెట్టెలో ఎక్కాం. నాయన వేరే పెట్టెలో ఉన్నాడు. ఓబులమ్మ మా చిన్నాయన కూతురు. తల్లీతండ్రీ పోతే మా ఇంట్లోనే పెరుగుతోంది. నాకంటే రెండేళ్లు చిన్నది.

గిద్దలూరు దాటాక దిగువమెట్టలో బండి చాలాసేపు ఆగేది. కొండ ఎక్కడానికి వెనక ఇంకో ఇంజను తగిలించేవారు. ముందు సొరంగం ఉంది. పొగకు ఊపిరాడదు కాబట్టి అందరూ కొంగులు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. అందుకు నీళ్లు తెమ్మని అవ్వ ఓబులమ్మకు మరచెంబు ఇచ్చి పంపింది. కూత వేయగానే దిగినవాళ్లంతా ఒక్కసారిగా తలుపుల మీద పడ్డారు. ఓబులమ్మ చెంబు పట్టుకొని మా పెట్టె రెండో తలుపు వైపు పరుగెత్తడం చూశాను. ఎక్కడం చూడలేదు.

సొరంగంలో మా ఇంటివాళ్లకు ఒక పద్ధతి ఉండేది. పెట్టెలో దీపం ఉండదు. చంకలో పిల్ల కూడా కనపడని చీకటి. అవ్వ పేరు పేరునా పిలిచేది, పిలిచినవాళ్లు పలకాలి. పలికితే ఉన్నట్టు. ఆ రోజూ అట్లాగే పిలిచింది.

"లచ్చుమమ్మా."

"ఉండా," అన్నాను నేను.

"ఒరే చెన్నా."

"లేను!" అన్నాడు వాడు.

"లేనోడికి బొరుగులుండలు గూడ లేవులే నాయనా," అంది అవ్వ. చీకట్లో ఎవరెవరో నవ్వారు.

"ఓబులమ్మా."

"ఉండానే అవ్వా."

ఆ మాట నా ఎడమ చెవి పక్కనే వినపడింది. అరిచినట్టు లేదు. ఇంట్లో పొయ్యికి అవతలి నుంచి పలికినంత నెమ్మదిగా ఉంది. "యాడుందే అది?" అని అమ్మ అడిగితే, "ఈడనే, నా పక్కన," అన్నాను. చెయ్యి చాపితే పెట్టె గోడ చెక్క తగిలింది. జనంలో ఒదిగి ఉంటుందనుకున్నాను.

వెలుతురు వచ్చాక కూడా మెడ తిప్పడానికి సందు లేదు. అవతలి స్టేషనులో ఆగినప్పుడు నాయన కిటికీ దగ్గరకు వచ్చి, "అందరూ ఉండారా అమ్మా?" అని అడిగాడు.

"ఉండారు. పిలిస్తే పలికినారు," అంది అవ్వ.

పక్క పట్టాల మీద గిద్దలూరు వైపు పోయే బండి మా బండి కోసం కాచుకొని నిలబడి ఉంది. ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే నాయన అందులో ఎక్కి పొద్దుండగానే దిగువమెట్ట చేరేవాడు. మా కళ్లముందే అది కదిలిపోయింది.

నంద్యాలలో పెట్టె ఖాళీ అయ్యాక తెలిసింది, ఓబులమ్మ లేదని. అవ్వ ప్లాటుఫారం మీదే కూలబడింది. మళ్లీ తెల్లవారే దాకా బండి లేదు. ఆ అడవి స్టేషనులో ఎనిమిదేళ్ల పిల్ల ఏమైందో అని ఆ రాత్రి ఎవరం నీళ్లు కూడా ముట్టలేదు. "నువ్వే దాని గొంతుతో పలికినావా?" అని అమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. నేను పలకలేదు. కానీ పక్కనే ఉందని చెప్పింది మాత్రం నేనే.

పొద్దున్నే నాయన, అవ్వ, నేను వెనక్కి వెళ్లాం. ఓబులమ్మ స్టేషను జవాను ఇంటి గుమ్మంలో కూర్చుని ఉంది. మరచెంబు ఒళ్లో ఉంది, మూత బిగించి ఉంది.

జవాను భార్య అవ్వ మీద మండిపడింది. "ఏందమ్మా, పిల్లను ఇట్ల పారేసి పోతారా? బండి పోయి చానాసేపయినాది. ఏడుస్తా కూర్చున్నెది తటాలున లేచి, కొండ తట్టు జూసి 'ఉండానే అవ్వా' అనె. ఎవురితో మాట్లాడతన్నావే అంటే, మా అవ్వ పిలిచింది అనె."

ఇది ఆమె చెప్పింది. ఆమెకు మా పద్ధతి తెలియదు. మేము అప్పటికి ఇంకా ఏమీ చెప్పలేదు. స్టేషనుకూ సొరంగానికీ మధ్య ఎన్నో కొండ మలుపులున్నాయి. ఇంజను కూత వినపడవచ్చునేమో గాని, మూసిన పెట్టెలో ముసలామె గొంతు వినపడదు. పెద్దయ్యాక ఆ దారిన పోయినప్పుడల్లా కిటికీలోంచి ఆ దూరం చూసుకుంటూనే వచ్చాను. పిల్ల భయంతో కలవరించి ఉండవచ్చు, నాకు అలవాటు కొద్దీ వినపడినట్టు తోచి ఉండవచ్చు. మరి అవ్వకు, అమ్మకు ఎట్లా వినపడింది?

అవ్వ దగ్గరకు తీసుకోబోతే ఓబులమ్మ వెనక్కి జరిగింది.

"పలికినా గదవ్వా," అంది. "పలికినాక గూడ ఎందుకు పోయినారు? నేను మీ పిల్లను కాదనా?"

నాయన పట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు.

ఓబులమ్మ మా ఇంట్లోనే పెరిగింది. పెళ్లి చేసి పంపే దాకా మాతోనే ఉంది. అందరితో నవ్వుతూ ఉండేది, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ ఎవరు పిలిచినా నోటితో పలికేది కాదు. చేతిలో పని కింద పెట్టి, వచ్చి మా ఎదురుగా నిలబడేది. మేము చూసేదాకా అట్లాగే నిలబడి ఉండేది.