నరసయ్య కుర్చీ

కంచు పతకాన్ని కాసేపు పట్టుకుంటే అరచేయి పాత నాణెం వాసన వేస్తుంది. నిన్న నేను నాన్న బల్ల సర్దుతుంటే ఆ వాసన మళ్ళీ తగిలింది.

కరోనా వచ్చిన ఏడాది నేను ఐదో తరగతి. షార్జాలో రోలా అనే పేటలోని మా ఫ్లాటుకి ఎవరూ వచ్చేవారు కాదు. నాన్న పాత సామాన్ల కొట్లో కొన్న బ్రిటిష్ యుద్ధ పతకాలు ముందేసుకుని కూర్చునేవాడు. అమ్మ ఒకదాన్ని చింతపండుతో తోమబోతే లాక్కున్నాడు.

"అంచు మీద పేరుంది. అరిగిపోతుంది."

భూతద్దంలో నాకూ చూపించాడు. నరసయ్య, కూలీల దళం.

"మనవాడే అమ్మలూ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రా రేవులో మూటలు మోశాడు. ఊరు దొరికితే వాళ్ళ మనవలకి ఇచ్చేద్దాం."

మనవల్లో నా ఈడు పిల్ల కూడా ఉంటుందనుకున్నాను.

ఒక సాయంత్రం నాన్న, "ఊరు దొరికింది" అంటూ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. నేను పండగ గౌను వేసుకుని, పక్కన ఇంకో కుర్చీ వేసి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఎక్కడికే ఆ గౌను?" అంది అమ్మ.

"వాళ్ళొస్తారుగా."

అమ్మ నవ్వింది. లోపలికొచ్చిన నాన్న నవ్వలేదు.

"విమానాల్లేవు కదమ్మా" అని పతకం తెచ్చి ఆ కుర్చీలో పెట్టాడు. "ఇవాళ్టికి ఈయనొచ్చాడనుకో."

అష్టాచెమ్మాకి నలుగురమయ్యాం. నరసయ్య గవ్వలు నాన్నే వేసి, ఆయన్నే గెలిపించాడు.

నరసయ్య తాలూకు ఎవరూ లేరని ఆ ఊరివాళ్ళు ఫోన్‌లో అప్పుడే చెప్పేశారట. నిన్న అడిగితే నాన్న చెప్పాడు. ఆ కుర్చీని ఖాళీగా చూడలేకపోయింది నేనొక్కదాన్నే కాదు.