పట్టని తాళంచెవి

ఇళ్ల బ్రోకరు తాళాల గుత్తిలో ఏ ఇంటికీ పట్టని తాళంచెవి ఒకటి ఉంటుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల చెప్పులూ ఒంటి రంగూ ఎగాదిగా చూసి, “ఇప్పుడెక్కడ ఉంటున్నారండీ?” అని తేనె పూసినట్టు అడుగుతాడు. రైలుకట్ట అవతల అన్నారా, ఆ పట్టని తాళంచెవి బయటికొస్తుంది. తాళంలో పెట్టి, చెమట పట్టేదాకా తిప్పుతున్నట్టు నటిస్తాడు. “పాడు తాళం, పట్టేసిందండీ! బాగుచేయించి కబురు చేస్తా.” ఆ కబురు ఎవరికీ వెళ్లదు. ఎవరినీ పొమ్మనడు కాబట్టి తనంత మర్యాదస్తుడు లేడనుకుంటాడు.

నిన్న కట్ట అవతలి నుంచి భార్యతో వచ్చిన నల్లటి మనిషి ఆ తిప్పలన్నీ చూసి చెయ్యి చాచాడు. “ఇటివ్వండి సార్, నాది తాళాల పనే.” తాళంచెవిని వెలుగులో పెట్టి చూశాడు. “తాళం బాగానే ఉంది. ఇది దీనిది కాదు.” గుత్తిలోంచి ఇంకోటి ఎంచి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. లోపల గదినిండా ఎండ. భార్య గడప దాటబోయింది.

“ఆగమ్మా!” బ్రోకరు తలుపు లాగేశాడు. మొహంలో నవ్వు చెదరలేదు. “ఎవరింటి తాళమైనా తీసేవాళ్లకి ఓనరుగారు ఇల్లెలా ఇస్తారు, మీరే చెప్పండి?”

వాళ్లు మెట్లు దిగాక, రుమాలుతో తాళంచెవులన్నీ ఒక్కొక్కటే తుడిచాడు. పట్టనిదాన్ని మరీ జాగ్రత్తగా తుడిచాడు.