పదకొండు కిలోల సైకిలు

బంద్ రోజున వాన కురవడం మానదు. ఈ చిన్న సంగతి మా ఆఫీసరుకు నచ్చజెప్పలేక రెండు నెలలు పోట్లాడాను.

విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక వర్షమాపకం ఉంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీటిని గీతల గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాయడం నా పని. నా చదువు పదో తరగతితో ఆగింది. సగటులూ శాతాలూ ఆ పాత రిజిస్టర్లు తిరగేస్తూ నేర్చుకున్నవే. తెలంగాణ ఉద్యమంలో బస్సులూ ఆటోలూ ఆగిపోతున్న ఆ రోజుల్లో నేను వేళకు చేరలేక రిజిస్టరులో రెండు గడులు ఖాళీ పడ్డాయి.

"అందాజగ వేసెయ్యమ్మా, ఎవరు చూస్తరు?" అన్నాడు ఆఫీసరు.

"నేను చూస్తా సార్."

రాష్ట్రం రావాలని నాకూ ఉంది. బంద్ చేసేవాళ్ళ మీద కోపం లేదు. కాని అబద్ధపు అంకె మాత్రం వేయను.

లాలాగూడలో మా రైల్వే క్వార్టరుకు నల్లా ఏడున్నరకు వస్తుంది, ఎనిమిదికి పోతుంది. నీళ్ళు పట్టాక నాకు మిగిలేది అరగంట. దూరం నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. నడిస్తే యాభై నిమిషాలు. స్కూటరైతే తార్నాక చౌరస్తాలోనే ఆపేస్తారు. ఇక సైకిలే. దాన్ని మూడో అంతస్తులోని మా ఇంటికి మోయాలి, పోలీసులు ఇనుప కంచె అడ్డం పెడితే ఎత్తి దాటించాలి. పది కిలోల బియ్యం సంచితో ఆగకుండా మెట్లెక్కుతాను. పదిహేను కిలోలైతే రెండో అంతస్తులో దించుకుంటాను. నా హద్దు పన్నెండు అనుకున్నాను. యాభై ఒకటో ఏట సైకిలు కొనే మనిషి ముందు చూడాల్సింది ఆ అంకెనే, రంగును కాదు.

తార్నాకలో దుకాణదారు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు ముందుకు తోశాడు.

"గిది తీస్కో అక్కా, నీ వయసుకు మంచిగుంటది."

"బరువెంత?"

"బరువేంది అక్కా! సైకిల్ తూకానికి అమ్ముతమా?"

పక్కనే పాత ఇనుప సామాన్ల కొట్టులో కాంటా వేలాడుతోంది. నేనే తోసుకెళ్ళి కొక్కేనికి తగిలించాను. పంతొమ్మిది. లావు టైర్ల గేరు సైకిలు పదహారు. మూలనున్న రోడ్ బైక్, వంగిన హ్యాండిలూ సన్నటి టైర్లూ ఉన్నది, పదకొండు.

"గిందుల ఇనుమే లేదమ్మా, నేనైతే కొనను," అని నవ్వాడు కొట్టతను.

"అది పోరగాండ్ల రేస్ సైకిల్," దుకాణదారు వెంటపడ్డాడు. "నడుమ డండా ఉంటది. నీకు అందది."

"పోరగాండ్ల కాళ్ళు కొలిచినవా? నావి నేను కొలుచుకొనొచ్చిన."

అంతకుముందు రోజు గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకం పైకి నొక్కి, నేల నుంచి దాని అంచు దాకా మా ఆయనతో కొలిపించాను. డెబ్బై నాలుగు సెంటీమీటర్లు. సీటు నుంచి హ్యాండిలు దాకా అడ్డంగా ఉన్న ఆ డండా ఎత్తు దుకాణంలో కొలిస్తే డెబ్బై రెండు. రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి. తీరా అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే డండా తగిలింది.

"చెప్పిన గదా!" అన్నాడతను.

లెక్క తప్పలేదు, మరి ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కడ పోయాయని కిందికి చూసుకున్నాను. వట్టి పాదాలు. ఇంట్లో కొలిచింది చెప్పులతో. అలవాటు కొద్దీ వాటిని దుకాణం గడప బయట విడిచి వచ్చాను. తొడుక్కుని వచ్చి మళ్ళీ నిలబడ్డాను. సందు దొరికింది.

"ఇప్పుడు చెప్పు."

అతను పంపు తెచ్చి టైర్లకు గాలి కొట్టాడు.

తర్వాతి బంద్ రోజున తార్నాక వైపు క్యాంపస్ గేటు దగ్గర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"బండ్లకు పర్మిషన్ లేదమ్మా. నడ్చుకుంట పో."

దిగి సైకిలు భుజాన వేసుకున్నాను.

"ఏందమ్మా గిది?"

"నడ్చుకుంటనే పోతున్న. మీరన్నట్టే."

అతను నవ్వాపుకోలేక లాఠీ దించాడు. కంచె అవతల విద్యార్థులు గుంపుగా ఉన్నారు. "జై తెలంగాణ, అమ్మా!" అని అరిచారు.

"జై తెలంగాణ! జర జరగుండ్రి, ఎనిమిదీ ఇరవై నాలుగయింది!"

రాత్రి చినుకు పడలేదు. వర్షమాపకం పొడిగా ఉంది. రిజిస్టరులో సున్నా వేసి, పక్కన ఎనిమిదీ ముప్పై అని రాశాను. క్యాంపస్ క్వార్టర్లలోనే ఉండే మా ఆఫీసరు వచ్చి నా భుజం మీది సైకిలు గొలుసు మరకా, ఆ సున్నా చూశాడు.

"గీ సున్నా కోసమా ఇంత తిప్పలు?"

"పడలేదని రాయాలన్నా వచ్చి చూడాలె గద సార్. సంతకం పెట్టుండ్రి."