కారంపూడి దాటిన బుధవారం

ముందుగా ఒట్టు వేస్తున్నాను. నా షాపుకి కాలిపోయి వచ్చి, నా చేతి మీద మళ్ళీ తిరిగిన ప్రతి బోరు మోటారు సాక్షిగా చెబుతున్నాను: ఈ కింద రాసినదంతా జరిగింది జరిగినట్టే రాశాను. ఒక్క అక్షరం ఎక్కువ లేదు. నరసరావుపేటలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి.

ఈ ప్రయాణానికి కారణం నా మేనకోడలు బిందు. గుంటూరులో డిగ్రీ రెండో సంవత్సరం. చదువు పేరు హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్. మా బంధువుల్లో ఆ పేరు ఒక్క గుక్కలో పలికినవాళ్ళు ఇంతవరకు లేరు. ఒక పీరియడ్‌లో ఊపిరితిత్తుల గురించి చెబుతారట, తర్వాతి పీరియడ్‌లో కార్మిక చట్టాలు, ఆ తర్వాత మనసు, ఆ పైన లెక్కలు. నాలుగు చదువులు కలిపి ఒకే పట్టా. ఈ సెమిస్టరులో వాళ్ళకి ఇచ్చిన పని ఏమిటంటే, ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాసి ఇచ్చినా వెళ్ళని మనిషిని ఒకరిని చూసుకుని, ఆ మనిషి గడప నుంచి ఆసుపత్రి దాకా, మళ్ళీ గడప దాకా తోడు వెళ్ళాలి. లాక్కెళ్ళకూడదు. అడుగడుగుకీ టైము వేసి, చూసింది మాత్రమే రాయాలి. దారి ఎక్కడ తెగిపోతోందో కనిపెట్టాలి.

ఆ పిల్ల ఒంటరిగా వెళ్తానంటే మా అక్క ఒప్పుకోలేదు. నేను రెండు రోజులు షాపు మూసి బయల్దేరాను.

మంగళవారం మధ్యాహ్నం 2.10కి నరసరావుపేట బస్టాండులో కారంపూడి మీదుగా మాచర్ల వెళ్ళే బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి, బిందు ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. నాకు మాత్రం నూట పది పడింది. వెళ్ళేవాళ్ళు ఎడమ పక్క కూర్చోకండి. మధ్యాహ్నం ఎండ అంతా అటే.

మా ముందు సీట్లో పచ్చడి మిరపకాయల గంపతో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి బిందుని అడిగింది.

"ఏం చదువుతున్నావమ్మా?"

బిందు చెప్పింది.

"అంటే డాక్టరువా?"

"కాదు పిన్నీ."

"నర్సమ్మవా?"

"కాదు."

"మరి ప్లీడరా?"

"కాదండీ. డాక్టరు దగ్గరికి, ఆఫీసు దగ్గరికి వెళ్ళాల్సినోళ్ళు మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నారో చూసే చదువు."

పెద్దావిడ ఆలోచించింది. "అయితే మా ఊళ్ళో నీకు చానా పని ఉందే," అని, దారిలో తినమని రెండు జామకాయలు ఇచ్చి కారంపూడిలో దిగిపోయింది.

4.15కి దుర్గి. బస్సు దిగగానే గ్రైండర్ల రొద వినిపించింది. రోడ్డుకి రెండు పక్కలా తలలు లేని దేవుళ్ళు, చేతులు రాని దేవతలు, ముక్కు దగ్గర ఆగిపోయిన నాయకులు. మేము వెతుక్కుంటూ వెళ్ళిన శిల్పి లింగాచారి ఇంటి ముందు షెడ్డులో తోక ఇంకా మొలవని ఆంజనేయుడు నిలబడి ఉన్నాడు. లింగాచారికి యాభై నాలుగేళ్ళు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం, ఐదో మాటకి దగ్గు. కఫం పరీక్షలో టీబీ లేదని తేలింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందేమో చూడటానికి ఊపిరి ఊదే పరీక్ష చేయించమని నరసరావుపేట ఆసుపత్రికి చీటీ రాశారు. ఆ పరీక్ష బుధవారం మాత్రమే, అదీ పన్నెండు లోపల చేస్తారు. చీటీ గడువు ఈ బుధవారంతో సరి.

ఆయన భార్య ఈశ్వరమ్మ టీ గ్లాసులు మా చేతుల్లో పెట్టి మొదలుపెట్టింది.

"రెండుసార్లు పంపా బాబూ. రెండుసార్లూ బస్సు తప్పిందని ఇంటికొచ్చాడు. ఏడున్నరకి ఎక్కిన బస్సు ఎట్టా తప్పుద్దో నాకు అర్థం కాలా."

లింగాచారి ఉలి అంచు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నోరు తెరిచి చెప్పవయ్యా ఆ పిల్లకి! అంత దూరం నుంచి వచ్చింది."

"తప్పింది. అంతే." ఆయన దగ్గి, షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

బిందు పుస్తకంలో రాసుకుంది: 4.50, కారణం చెప్పలేదు. ఆ రాత్రి బిందు ఈశ్వరమ్మ దగ్గర, నేను షెడ్డులో మడత మంచం మీద. ఆంజనేయుడి పక్కన నిద్ర బాగానే పట్టింది.

బుధవారం పొద్దున బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ, కారప్పొడి. అటు వెళితే ఆ కారప్పొడి అడిగి మరీ వేయించుకోండి. 7.40కి మాచర్ల నుంచి వచ్చిన బస్సు ఎక్కాం. అసలు ఉత్కంఠ మొదలైంది అప్పుడే. క్రికెట్ మ్యాచిలో చివరి ఓవరు చూస్తున్నట్టుంది. పన్నెండు లోపల ఈ మనిషిని ఆ మిషను ముందు కూర్చోబెట్టాలి, కానీ చెయ్యి పట్టి లాగకూడదు! లింగాచారి కిటికీ పక్కన, నేను ఆయన పక్కన, బిందు వెనక సీట్లో వాచీ చూసుకుంటూ.

8.05కి దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు. మనిషి మొత్తం ముందుకి వంగిపోయి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నా ఆగని దగ్గు. ముందు సీట్లో తల్లి బిడ్డని ఎత్తుకుని లేచి వెళ్ళిపోయింది. పక్క వరసలో ఇద్దరు కర్చీఫులు తీశారు. మా చుట్టూ ఒక్కొక్క సీటే ఖాళీ అవుతోంది. నేను కదల్లేదు.

వెనక నుంచి ఒక ఆసామి అరిచాడు. "కండక్టరూ! టీబీ వాళ్ళని ఎక్కించుకున్నారేంది? పిల్లలున్నారు బస్సులో!"

"టీబీ కాదండీ, పరీక్ష చేశారు, రాతి దుమ్ము," అని బిందు లేచి నిలబడి చెప్పింది.

"నీకేం తెలుసమ్మాయ్? కూర్చో!"

8.20కి కారంపూడి. బస్సు ఆగింది. లింగాచారి తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"నేను దిగుతా తమ్ముడూ."

"ఇక్కడా?"

"ఎప్పుడూ ఇక్కడే దిగేది. టీ తాగి ఎదురు బస్సు ఎక్కుతా. మీరు పోండి."

అదన్నమాట తప్పిపోయిన బస్సు! ఈశ్వరమ్మకి కూడా చెప్పుకోని సంగతి. మెట్టు దాకా వెళ్ళిన మనిషిని ఆపకూడదు, వదలకూడదు. అప్పుడు నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య బయటికి తీశాను. బస్సంతటికీ వినిపించేటట్టు కథ ఎత్తుకున్నాను.

"ఈ ఆచారి గారెవరో తెలుసా మీకు? దుర్గిలో పాలరాతి నంది చెక్కింది ఈయనే! కళ్ళు తెరిపించిన రోజు రాత్రే అది లేచి వెళ్ళి పక్క పొలంలో పెసర చేను మేసేసింది. రైతు పోలీసు కంప్లయింటు ఇచ్చాడు. ఎస్సై గారొచ్చి నందికి తాడు కట్టి..."

లింగాచారి మెట్టు మీద ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు.

"పాలరాయేంది తమ్ముడూ?" గొంతులో నిజంగా కోపం. "మా దుర్గిలో పాలరాతితో చెక్కేదెవరు? మాది దుర్గి రాయి. ఉలి చెప్పినట్టు ఇంటది. అబద్ధమాడితే ఆడు, రాయి మాత్రం తప్పు చెప్పమాక."

"సరే, దుర్గి రాయి. పెసర చేను మాత్రం..."

"పెసరా కాదు." ఆయన ఊపిరి తీసుకున్నాడు. బస్సంతా చూస్తోంది. "మిరప తోట."

"మిరప తింటే నందికి మండదా?" అని బిడ్డని ఎత్తుకున్న తల్లి అడిగింది.

"మండకేం? కళ్ళెమ్మట నీళ్ళు కారినయ్. అందుకే... ఆ కళ్ళు ఇప్పటికీ మెరుస్తా ఉంటయ్."

బస్సంతా గొల్లున నవ్వింది. ఇంతలో బండి కదిలింది. రైటు రైటు! కథలో తప్పులు దిద్దే హడావిడిలో లింగాచారి దిగడం మర్చిపోయాడు. మళ్ళీ వచ్చి కూర్చుని, నంది స్టేషనులో ఎన్నాళ్ళుందో, బెయిలు ఎవరు ఇచ్చారో ఆయనే చెప్పుకుపోయాడు. మధ్యమధ్య దగ్గాడు. దగ్గినప్పుడల్లా జనం తర్వాతి మాట కోసం ఆగారు. ఇందాక అరిచిన ఆసామి తన నీళ్ళ సీసా ముందుకి పంపాడు, "తాగి చెప్పు పెద్దాయనా, ఎస్సై ఏమన్నాడు?" అంటూ.

9.55 నరసరావుపేట. ఆటోలో ఆసుపత్రికి 10.10. చీటీ కౌంటరు దగ్గర వరస. వెళ్ళేవాళ్ళు ఆధార్ జిరాక్సు ఇంటి దగ్గరే తీయించుకుని వెళ్ళండి. అక్కడ కరెంటు పోతే ఇక అంతే. 11.25కి మిషను ముందు కూర్చోబెట్టారు. గొట్టం నోట్లో పెట్టుకుని బలంగా ఊదాలి. పరీక్ష చేసే అమ్మాయి, "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా!" అని అరుస్తుంటే, తలుపు బయట నేను, బిందు కూడా తెలియకుండానే ఊదుతున్నాం. మూడుసార్లు ఊదించారు. మూడోసారి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ పరీక్ష అయింది! వరండాలో గంతు వేశాను. నర్సు కసిరింది.

డాక్టరు చూసి, దుమ్మే అన్నారు. పీల్చే మందు రాసి, ఎలా పీల్చాలో చేసి చూపించారు. పోయిన ఊపిరి మొత్తం తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవాలని చెప్పారు.

"ఉలి పట్టుకోవచ్చా అయ్యా?"

"రాయి మీద నీళ్ళు పోసుకుంటూ, మాస్కు పెట్టుకుని పట్టుకోండి. గ్రైండరు మాత్రం ముట్టుకోవద్దు. నెల తర్వాత రండి."

భోజనం చేసి రెండింటి బస్సుకి ఆయనతో మళ్ళీ దుర్గి వెళ్ళాం, గడప నుంచి గడపకి కదా లెక్క. 4.10కి ఇంటి దగ్గర దిగబెట్టాం. ఈశ్వరమ్మ కాగితాలు రెండు చేతులతో అందుకుంది. డాక్టరు మాట విని షెడ్డులోకి వెళ్ళి, గ్రైండరుకి వైరు చుట్టి దాన్ని నా ఒళ్ళో పెట్టింది.

"నీది మోటార్ల షాపంటగా బాబూ. పట్టుకుపో."

"ఏమే!" అన్నాడు లింగాచారి.

"ఏందయ్యా?" అందామె.

5.20కి తిరుగు బస్సు. గ్రైండరు ఒళ్ళో, బిందు పక్కన. కాలేజీలో ఇవ్వాల్సిన పుస్తకం ఒకసారి చదివి పెట్టమంది. చదివాను. చివర్లో రాసింది: దారి తెగింది ఆసుపత్రిలో కాదు, కారంపూడిలో, పక్కవాళ్ళు సీట్లు మారాక. ఎంత తేలికైన మాట! ఇది కనిపెట్టడానికి డాక్టరు చదువొక్కటే చాలదు, ప్లీడరు చదువొక్కటే చాలదు. ఆ పిల్ల చదువేమిటో ఎవరైనా అడిగితే ఇక నేను తడుముకోను.

కానీ ఆ పేజీ పైన ఇంకో లైను ఉంది. "8.07. మామయ్య లేచి డ్రైవరు వెనక సీటుకి వెళ్ళాడు. ఆయన సీట్లో నేను కూర్చున్నాను."

"ఇది తీసేయకూడదటే?" అన్నాను.

"టైము వేశాను మామయ్యా. తీసేస్తే మిగతాది ఎవరు నమ్ముతారు?"

కాబట్టి చెప్పేస్తున్నాను. నేను కదల్లేదని రాశాను చూడండి, అది కల్పన. టీబీ కాదని ముందు రోజే విన్నాను, అయినా కర్చీఫు ముక్కుకి పెట్టుకుని పోయి కూర్చున్నాను. నంది కథ నాదే. బిందు చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే నేను చెప్పిన కథ. బస్సులో మాత్రం చెప్పింది ఆ పిల్ల. పాలరాయి అని పొరపాటు పడిందీ ఆ పిల్లే. బస్సులో లింగాచారి "తమ్ముడూ" అన్నచోటల్లా "అమ్మాయ్" అని దిద్ది చదువుకోండి.

8.40కి నేను వెనక్కి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. ఇది కల్పన కాదు. కావాలంటే పుస్తకంలో చూడండి, టైము వేసి ఉంది.